మన కళాశాలలో జీవశాస్త్ర విద్య: ఒక మనవి

ప్రతి సంవత్సరం ప్రవేశాల కాలంలో మేము కార్యాలయపు వరండాలో ఒక బల్ల వేసుకొని కూర్చుంటాము. బి.ఎస్‌సి.లో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం కోరి వచ్చిన ప్రతివారినీ ఒకే ప్రశ్న అడుగుతాము: "ఈ కోర్సునే ఎందుకు ఎన్నుకున్నావు?" సమాధానం దాదాపు ఎప్పుడూ ఒకటే. డాక్టరు సీటు రాలేదు. ఒకసారి ఒక తండ్రి మా ముందు చేతులు జోడించి ఇలా అన్నారు: "సాబ్, ఈ ఒక్క ఏడాది మా బిడ్డ పేరు మీ రిజిస్టరులో ఉండనివ్వండి. లాంగ్ టర్మ్ కోచింగ్ నడుస్తున్నది. వచ్చే ఏడు సీటు ఖాయం." ఆయనలో కపటం లేదు. తక్కినవారు మనసులో దాచుకున్న మాటను ఆయన పైకి అన్నారు, అంతే.

మేము ఈ కళాశాలలో వృక్ష, జంతు శాస్త్రాలు బోధించే అధ్యాపకులము. మా వర్గంలో ప్రవేశాలు తగ్గుతున్నవని, వచ్చే విద్యాసంవత్సరం నుండి ఈ కోర్సును నిలిపివేసి దాని స్థానంలో కొత్త పేరు గల మరొక కోర్సును ప్రారంభిస్తే బాగుంటుందని కమిటీ పెద్దల సమక్షంలో ఒక ప్రతిపాదన ఉన్నది. ఆ ప్రతిపాదన తెచ్చినవారిపై మాకు కోపం లేదు. ఖాళీ బల్లలకు విద్యుత్తు బిల్లు కట్టే బాధ్యత వారిది. అయితే రోగమేదో సరిగా గుర్తించకుండా చికిత్స నిర్ణయించవద్దని మా మనవి. కోర్సు చెడ్డది కాదు. దానిని మనం నడిపే పద్ధతి చెడిపోయినది. పద్ధతి మార్చకుండా పేరు మాత్రం మారిస్తే, ఆ కొత్త పేరు కూడ కొద్ది సంవత్సరాలలో ఇదే బల్ల మీదికి వస్తుంది.

జీవశాస్త్ర విద్య చేయవలసిన పనులు రెండు. ప్రాణిని చూడగల కన్ను ఇవ్వాలి. చూసినదానిని ఇంటివారికి, ఇరుగుపొరుగువారికి అర్థమయ్యేటట్లు చెప్పగల నోరు ఇవ్వాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ మనం సక్రమంగా ఇవ్వడం లేదు.

కంటి సంగతి ముందు చెబుతాము. మా ప్రయోగశాలలో విద్యార్థి ప్రధానంగా చేసే పని రికార్డు వ్రాయడం. ప్రొద్దుతిరుగుడు కాండపు అడ్డుకోత బొమ్మ ప్రతి రికార్డులోను ఉంటుంది. నాళికాపుంజాలు వలయంగా ముత్యాల దండవలె అమరి ఉంటాయి. వల్కలం, దవ్వ, అన్నీ తప్పులేకుండా గుర్తించి ఉంటాయి. ఆ బొమ్మ ఎక్కడిది? నిరుటి విద్యార్థి రికార్డులోనిది. అతనిది అంతకు ముందటి వాని రికార్డులోనిది. ఆ వంశవృక్షం వెంట వెనుకకు వెళితే ఏ పాఠ్యపుస్తకపు పుటో తేలుతుంది గాని, నిజమైన ప్రొద్దుతిరుగుడు కాండం ఎక్కడా కనబడదు. బ్లేడుతో కాండాన్ని పలుచగా కోసి, సాఫ్రానిన్ రంగు వేసి, గాజుపలకపై పెట్టి మైక్రోస్కోపులో చూసిన విద్యార్థికి బొమ్మ అంత అందంగా రాదు. కోత ఒకవైపు మందంగా వస్తుంది, మధ్యలో చిరుగుతుంది, గాలిబుడగ ఒకటి కణంవలె నటిస్తుంది. అతడు ఉన్నది ఉన్నట్లు గీస్తే మేమే "బొమ్మ శుభ్రంగా లేదు" అని మార్కులు తగ్గించాము. ఎత్తి వ్రాసిన బొమ్మ క్రింద ఎర్ర సిరాతో సంతకం చేశాము. ఆ సంతకాలు మావే. ఈ వ్యాసంలో నేరమంటూ ఎవరిపైనైనా మోపవలసివస్తే మొదట మాపైననే మోపుకుంటున్నాము.

పరికరాలు లేవు కదా అని కొందరు విద్యార్థులు మా తరఫున సాకు చెబుతారు. మైక్రోస్కోపులు చాలవన్నది నిజమే. కాని ఈ నగరంలో కూర్చొని ఆ మాట అనడానికి మాకు సిగ్గు వేస్తుంది. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును కోసి, దాని గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. అప్పుడు ఆయన చేతిలో ఉన్న మైక్రోస్కోపు మరలు చెమటకు తుప్పుపట్టి ఉన్నవి. మిగిలిన ఒకే ఒక్క ఐపీసుకు పగులు ఉన్నది. దోమలు ఎగిరిపోతాయని ఆ ఉక్కలో పంకా కూడ వేయించుకోలేదు. ఆ దోమలకు రక్తమిచ్చిన రోగి హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా అతనికి ప్రతిఫలం. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్ పేరు మన విద్యార్థులలో ఎందరికి తెలుసునో అడగడానికి ధైర్యం చాలడం లేదు. బేగంపేటలోని ఆ భవనం మన కళాశాలకు బస్సు దూరంలోనే ఉన్నది. మేము మాత్రం మలేరియా పరాన్నజీవి జీవితచక్రాన్ని గోడకు తగిలించిన పటంలోనే చూపిస్తూ వచ్చాము.

కమిటీలోని పెద్దలలో కొందరు తమ విద్యార్థి దశలో మైనపు పళ్లెంలో కప్పను కోసినవారే. ఆ కాలం గడిచిపోయినది. 2014లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ జంతుశాస్త్ర తరగతులలో జంతువుల కోతకు స్వస్తి చెప్పించింది. అందుకు మేము విచారించడం లేదు. పొలాలలో పురుగులను తిని రైతుకు మేలు చేసే కప్పలను బస్తాలకొద్దీ పట్టి, ఒకే సిరను చూపడం కోసం వేలమంది విద్యార్థులు వేల కప్పలను చంపడంలో శాస్త్రం కంటె అలవాటు పాలే హెచ్చు. విచారమల్లా ఆ గంటలు ఏమైనవన్నదే. కప్ప పోయిన తరువాత పళ్లెం ఖాళీ అయింది. ఆ ఖాళీలో బ్రతికివున్న ప్రాణిని చూసే పని పెట్టవలసింది. మేము పటాలు, ప్లాస్టిక్ నమూనాలు పెట్టాము. 2016-17 నుండి సెమిస్టరు పద్ధతి వచ్చి, పరీక్షకు పరీక్షకు మధ్య ఊపిరి సలపనప్పుడు వాటిని సైతం చూడడం మానివేశాము.

ఇక నోటి సంగతి. 2021లో కోవిడ్ టీకాలు వేస్తున్న రోజులలో మా విద్యార్థినులలో ఒకరు ఎంతో బాధతో ఒక విషయం చెప్పుకున్నది. వాళ్ళ నానీ టీకా వేయించుకోనని పట్టుబట్టింది. "రోగం రాకుండా ఉండాలంటే రోగాన్నే ఒంట్లోకి ఎక్కిస్తారా? సూది వేసిన రాత్రి జ్వరం ఎందుకొస్తుంది? నువ్వు అదే కదా చదువుతున్నది, చెప్పు బేటీ" అని అడిగింది. ఆ అమ్మాయి రోగనిరోధక వ్యవస్థ అనే ప్రశ్నకు ఇంగ్లీషులో నాలుగు పుటలు వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదే. ఆంటిజెన్, ఆంటిబాడీ, మెమరీ సెల్ అన్న మాటలు వరుసగా గుర్తుకు వచ్చాయి. వాటిని నానీకి చెప్పే భాష మాత్రం రాలేదు. చివరకు ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు సమాధానం చెప్పినది ఫోనులో ఎవరో పంపిన వీడియో. అది తప్పుడు సమాధానం.

దొంగ బొమ్మను ముందుగానే ఠాణాకు పంపితే, దొంగ వచ్చిన రోజున సిపాయి అతనిని తడుముకోకుండా పట్టుకుంటాడు, టీకా చేసే పని అదే, ఆ రాత్రి వచ్చే జ్వరం సిపాయిలు కవాతు చేస్తున్న చప్పుడు అని చెబితే ఏ నానీకైనా తెలుస్తుంది. ఈ పోలికలో లోపాలున్నవి, మాకు తెలియకపోలేదు. అయినా ఈ పాటి మాటను కూడ మూడు సంవత్సరాలలో ఒక్కసారైనా విద్యార్థి చేత ఉర్దూలోనో తెలుగులోనో చెప్పించని తరగతిగది దేనికి?

ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు. పై చదువులకు, పరిశోధనకు అది కావలసిందే. మన పిల్లలు అందులో వెనుకబడకూడదు. కాని భాష విషయంలో ఈ నగరానికి ఒక చరిత్ర ఉన్నది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్య అంతటినీ, వైద్యంతో సహా, ఉర్దూలో బోధించింది. అందుకు పుస్తకాలు సిద్ధం చేయడానికి 1917లోనే దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాల విద్యార్థులకు తెలుగులో శాస్త్రగ్రంథాలు ప్రచురించింది. కణాన్ని ఉర్దూలో ఖలియా అన్నారు. ఆకు ఎండలో ఆహారం చేసుకోవడాన్ని ఒకరు జియాయీ తాలీఫ్ అన్నారు, మరొకరు కిరణజన్య సంయోగక్రియ అన్నారు. రెండు మాటలకూ అర్థం ఒకటే: వెలుగుతో కూర్చడం. ఇద్దరు పండితులు రెండు గదులలో కూర్చొని ఒకే ఆలోచన చేశారు. ఈ మాటలు పలకడానికి కష్టమని విద్యార్థులు నవ్వుతారు. ఫోటోసింథసిస్ అన్నది గ్రీకు మాట, దానిలో ఉన్నది కూడ అదే వెలుగు, అదే కూర్పు అని ఎవరూ చెప్పకపోవడం వల్లనే ఆ నవ్వు.

మన వార్షిక సంచికకు రెండు ముఖచిత్రాలు. కుడివైపు నుండి ఉర్దూ, ఎడమవైపు నుండి తెలుగు నడిచి మధ్యలో కలుసుకుంటాయి. ఒకవైపు చదివినవారు రెండవవైపు తిప్పడం అరుదు. మా ప్రయోగశాలలో మాత్రం ఆ రెండువైపులవారు ఒకే బల్ల దగ్గర నిలబడతారు. అందువల్ల ఒక చిన్న ఉదాహరణ చెబుతాము. తెలుగు ఇండ్లలో కలోంజీని నల్ల జీలకర్ర అంటారు. తెలుగు విద్యార్థి ఆ మాటను ఉన్నదున్నట్లు మార్చి, పాతబస్తీలోని పన్సారీ దుకాణంలో "కాలా జీరా" అని అడిగితే, బిర్యానీలో వేసే షాజీరా పొట్లం కట్టి ఇచ్చే అవకాశం ఎక్కువ. ఆ రెండూ బంధువులు కావు. కలోంజీ నైజెల్లా సటైవా, రనన్‌కులేసీ కుటుంబానికి చెందినది. షాజీరా బ్యూనియం పర్సికం, కొత్తిమీర, వాము ఉన్న ఏపియేసీ కుటుంబానిది. చేతిలోకి తీసుకొని చూస్తే కలోంజీ కోణాలు తేలిన నల్లని నిజమైన విత్తనం. షాజీరా సన్నగా, కొద్దిగా వంగి, గీతలు దేరి ఉంటుంది. వృక్షశాస్త్రం లెక్కలో అది విత్తనమే కాదు, ఫలం. లిన్నేయస్ 1753లో మొక్కలన్నిటికీ రెండేసి మాటల లాటిన్ పేర్లు ఎందుకు స్థిరపరచవలసి వచ్చిందో ఈ రెండు పొట్లాలు చెప్పినంత బాగా ఏ ఉపన్యాసమూ చెప్పలేదు. ఖర్చు కొద్ది రూపాయలు. పరీక్ష అయిన తరువాత వంటకు కూడ పనికివస్తాయి.

చార్మినారు సమీపంలోని నిజామియా తిబ్బీ కళాశాలలో ఈనాటికీ యునానీ వైద్యం బోధిస్తున్నారు. ఆ మందులకు మూలం చాలవరకు మొక్కలే. మన ఆవరణలో ప్రహరీ వెంట పల్లేరు పాకి ఉన్నది, హకీముల గోఖ్రూ అదే. సైకిలు స్టాండు వెనుక వేపచెట్టుపైకి తిప్పతీగ ప్రాకింది, అది వారి గిలో. ఉత్తరేణి, గడ్డిచేమంతి, వయ్యారిభామ మనం నాటకుండానే వచ్చినవి. గడ్డిచేమంతి, వయ్యారిభామ అమెరికా ఖండం నుండి వచ్చి మన నేలను తమదిగా చేసుకున్నాయి. వార్షికోత్సవానికి ముందు ఆవరణ శుభ్రం చేయించేటప్పుడు వీటన్నిటినీ ఒకే చీపురుతో ఊడ్చివేస్తారు. మా హెర్బేరియంలోని కాగితాల మధ్య మాత్రం ఎక్కడెక్కడినుండో కొనుక్కొచ్చిన నమూనాలు పురుగులకు ఆహారమవుతున్నవి.

ఇక్కడ ఒకరిని తలచుకొనక తప్పదు. జె.బి.ఎస్. హాల్డేన్ జన్యుశాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన శాస్త్రజ్ఞుడు. 1957లో ఇంగ్లండు వదలి భారతదేశం వచ్చి మొదట కలకత్తాలో, తరువాత భువనేశ్వరులో పనిచేసి, 1964 డిసెంబరు 1న అక్కడనే మరణించాడు. ఆయన దేహం ఆయన కోరిక ప్రకారం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు విద్యార్థుల అధ్యయనం కోసం చేరింది. ఖరీదైన యంత్రాలు లేని దేశంలో జీవశాస్త్ర పరిశోధన సాధ్యమా అన్న ప్రశ్నకు ఆయన తన శిష్యుల చేత సమాధానం చెప్పించాడు. ఎస్.కె. రాయ్ పారిజాతం పూల రేకలు లెక్కపెట్టాడు. టి.ఎ. డేవిస్ కొబ్బరిచెట్ల ఆకులు కుడివైపు తిరుగుతున్నవా, ఎడమవైపు తిరుగుతున్నవా అని తోటలు తోటలు లెక్కించాడు. జయకర్ తీతువు జంట గుడ్లు పొదిగే తీరును గమనించాడు. కావలసినవి కన్ను, ఓపిక, తేదీ వేసిన నోటుబుక్కు.

పారిజాతం మన గేటు ప్రక్కనే ఉన్నది. ఉర్దూలో హార్‌సింగార్ అంటారు. దాని పువ్వుకు 5 నుండి 8 వరకు రేకలుంటాయని పుస్తకాలు చెబుతాయి. ఒకే చెట్టు, ఒకే వేరు, ఒకే నీరు, ఒకే రాత్రి పూసిన పూలు. అయినా అన్నిటికీ ఒకే సంఖ్య ఎందుకు రాదు? కాలం ప్రారంభంలో పూసిన పూలకు, చివర పూసిన పూలకు తేడా ఉన్నదా? ఎండపడే కొమ్మకు, నీడ కొమ్మకు? నిరుటి రికార్డులో ఈ ప్రశ్నలకు సమాధానం దొరకదు. ఎత్తి వ్రాయడానికి వీలులేని ప్రయోగం ఇది. మాకు దీనిపై మక్కువ కలగడానికి ముఖ్యకారణం అదే.

జంతుశాస్త్రానికి ఆవరణ చాలదంటారేమో. మన విద్యార్థులలో అమ్మాయిలే అధికం. అడవులకు, సముద్రతీరానికి విహారయాత్ర అంటే చాలా ఇండ్లలో అనుమతి దొరకదు. ఆ కుటుంబాలను నిందించి లాభం లేదు. వారి ఇంట్లోనే క్షేత్రం ఉన్నది. కూలరు అడుగున, మేడపైన ఉంచిన డ్రమ్ములో, పగిలిన పూలకుండీలో నిలిచిన నీటిలో వారం పదిరోజులలో గుడ్డు దోమ అవుతుంది. లార్వా నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకొని ఉంటే అనాఫిలిస్. తలక్రిందులుగా వ్రేలాడుతుంటే క్యూలెక్సో, ఏడిసో. తెల్లని గిన్నెలోకి నీరు తీస్తే చాలు, ఇది మైక్రోస్కోపు లేకుండానే కనబడుతుంది. ప్రతి విద్యార్థిని తన వీధిలో పది ఇండ్ల కూలర్లను వర్షాకాలమంతా వారానికొకసారి చూసి వ్రాస్తే, డెంగ్యూ ఏ వీధికి ముందు వస్తుందో చెప్పగల పట్టిక మన కళాశాల చేతిలో ఉంటుంది. పై ఇంటి ఆమెకు కూలరు నీళ్ళు ఎందుకు పారబోయాలో ఆమె భాషలో చెప్పవలసి వస్తుంది కనుక, ఇందాక మేము చెప్పిన నోటి విద్య కూడ అక్కడే అలవడుతుంది.

ఉద్యోగాల మాట దాటవేశామని ఎవరైనా అనవచ్చు. బి.ఎస్‌సి. పట్టా ఒక్కదానితో గౌరవప్రదమైన జీతం వస్తుందని మేము ఏ విద్యార్థికీ చెప్పలేము. వృక్ష, జంతు శాస్త్రాలకైనా, కొత్త పేర్ల కోర్సులకైనా ఇది సమానమే. 1977లో ఏర్పడిన సి.సి.ఎం.బి. ఈ నగరంలోనే ఉన్నది. టీకాలు తయారుచేసే పరిశ్రమలు ఈ నగరంలో ఉన్నవి. వాటి తలుపులు ఎం.ఎస్‌సి. తరువాత తెరుచుకుంటాయి. బి.ఎడ్. చేసి బడిలో జీవశాస్త్రం చెప్పే మార్గం ఉన్నది, మా పూర్వ విద్యార్థులలో కొందరు ఆ మార్గాననే ఉన్నారు. కొత్త కోర్సుకు కావలసిన యంత్రాలు కొనడానికి నిధులున్నవా అన్నది కమిటీవారు ఆలోచించవలసిన విషయం. యంత్రం ఒక్కటే కొని, దాని ముందు నలభైమందిని నిలబెట్టితే, దాని ఫలితాన్ని కూడ రికార్డులోకి ఎత్తి వ్రాస్తారు. ఆ విద్యలో వారు ఇప్పటికే ఆరితేరి ఉన్నారు. నేర్పినవారము మేమే.

సీటు రాలేదన్న బాధతో మా వద్దకు వచ్చిన విద్యార్థులకు కూడ ఒక మాట. మీ బాధను మేము తక్కువ చేయడం లేదు. రెండు, మూడు సంవత్సరాలు కోచింగు గదులలో గడిపి, ఇంట్లో అందరి ముఖాలు చూడలేక ఇక్కడికి వచ్చినవారు ఉన్నారు. మిమ్మల్ని నిరీక్షణ గదిలో కూర్చున్న ప్రయాణికులుగా చూసిన తప్పు మాదీ ఉన్నది. ఎలాగూ వెళ్ళిపోయేవారే కదా అని మేము, ఎలాగూ వెళ్ళిపోతాము కదా అని మీరు, ఇద్దరం కలిసి ఈ కోర్సును ఈ స్థితికి తెచ్చాము.

కమిటీవారిని మేము కోరుతున్నది రెండు సంవత్సరాల గడువు. ఈ కాలంలో ఎత్తి వ్రాసిన రికార్డుపై సంతకం చేయబోమని మా రెండు శాఖలవారము నిర్ణయించుకున్నాము. వంకరగా వచ్చినా సరే, తాను చూసిన కోతనే విద్యార్థి గీయాలి, తేదీ వేయాలి. ప్రతి సెమిస్టరులో ఒక పాఠాన్ని తన ఇంటి భాషలో తరగతి ముందు చెప్పాలి. మూడు భాషలలోను మొక్కల పేర్లు వ్రాసిన పలకలు ఆవరణలో పెట్టే పని విద్యార్థులే చేస్తారు. పలకలకు రేకు, రంగు కావాలి. ఊడ్చే ముందు మాకు ఒక మాట చెప్పవలసిందిగా ఆవరణ శుభ్రం చేసేవారికి ఆదేశం కావాలి.

మరొక్కటి మిగిలింది. పారిజాతం రాత్రి విచ్చి తెల్లవారేసరికి రాలిపోతుంది. పూలకాలం మొదలైన తరువాత లెక్కించేవారు చీపురు కంటె ముందు చెట్టు క్రిందికి చేరాలి. అందుచేత ఆగస్టు నుండి నవంబరు వరకు గేటు ఉదయం 6 గంటలకు తెరిపించవలసిందని కోరుతున్నాము. తాళంచెవి తీసుకునే బాధ్యత మాలో ఒకరు వహిస్తారు.